పాత కారుకి అల్యూమినియం రేడియేటర్: వరసలు లెక్కపెట్టి కొంటే ఎక్కడ దెబ్బతింటాం

పాత కార్లున్నవాళ్ళు ఇద్దరు కలిస్తే పావుగంట తిరక్కుండా మాట టెంపరేచర్ ముల్లు మీదికి వస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు ముల్లు పైకి పాకుతోందని ఒకరంటారు, అల్యూమినియం రేడియేటర్ వేయించు, అదీ నాలుగు వరసలది (లోపల నీళ్ళ ట్యూబులు ఒకదాని వెనక ఒకటి నాలుగు వరసలున్నది) తీసుకో, ఇక జన్మలో బండి వేడెక్కదు అని రెండోవాళ్ళు తీర్పు చెప్పేస్తారు. నేనూ ఒకప్పుడు అలా చెప్పినవాణ్ణే, అలాగే విని కొన్నవాణ్ణి కూడా. ఆ తర్వాత తెలిసిందేంటంటే, ఆ ఒక్క సలహాలో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి: ఏ లోహం, ఎన్ని వరసలు, అసలు రేడియేటర్ మార్చాలా వద్దా. ఈ మూడోది ముందు తేల్చుకోకపోతే మొదటి రెండింటికీ అర్థం లేదు, ఎందుకంటే ఇంజన్ నుంచి బయటి గాలిలోకి వెళ్ళే దారిలో వేడి ఎక్కడో ఒకచోట ఆగిపోతోంది, ఆ చోటు రేడియేటర్ కాకపోతే ఎంత మంచి రేడియేటర్ పెట్టినా ముల్లు మళ్ళీ పైకే పోతుంది.

కాబట్టి ముందు చూడాల్సింది బండి ఎప్పుడు వేడెక్కుతోందని. ఆగి ఉన్నప్పుడో, ట్రాఫిక్‌లో నత్తనడక నడుస్తున్నప్పుడో ముల్లు పైకి పోయి, రోడ్డు ఖాళీగా దొరికి కాస్త స్పీడ్ అందుకోగానే కిందికి దిగుతోందంటే, లోపం దాదాపు ఖాయంగా గాలిది. ఫ్యాన్ చాలట్లేదు, లేదా ఫ్యాన్ చుట్టూ ఉండాల్సిన ష్రౌడ్ (గాలిని రేడియేటర్ మొత్తంలోంచి లాగేలా చేసే తొడుగు) లేదు, లేదా ఇంజన్ తిప్పుడుని ఫ్యాన్‌కి అందించే ఫ్యాన్ క్లచ్ జారుతోంది. దానికి రేడియేటర్ మారిస్తే డబ్బు దండగ. అదే సిటీలో బాగానే ఉండి, హైవే మీద గంటసేపు స్పీడ్‌లో పోతుంటే నెమ్మదిగా పైకి పాకుతోందంటే అప్పుడు రేడియేటర్‌ని అనుమానించొచ్చు: ట్యూబులు మూసుకుపోయి ఉండొచ్చు, కోర్ (రెండు ట్యాంకుల మధ్య ట్యూబులూ పలచటి రేకులూ ఉండే భాగం) ఆ ఇంజన్‌కి చిన్నదై ఉండొచ్చు. అక్కడా తొందరపడొద్దు. కింది హోస్ పైపు పాతబడి మెత్తబడితే ఇంజన్ ఆర్‌పీఎం పెరిగినప్పుడు పంపు లాగే లాగుడుకి లోపలికి నొక్కుకుపోతుంది, బండి ఆపి బానెట్ ఎత్తేసరికి మళ్ళీ మామూలుగా గుండ్రంగా కనిపిస్తుంది. ఈ ఒక్క పైపు వల్ల రేడియేటర్ మార్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

మిగతా అనుమానితులు కూడా తక్కువేం కాదు. ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరిగి ఉంటే మంట ఆలస్యంగా మొదలై, ఎగ్జాస్ట్ దారుల్లో ఎక్కువ వేడి హెడ్‌లోకీ నీళ్ళలోకీ దిగుతుంది. కార్బురేటర్ మిశ్రమంలో పెట్రోలు తక్కువైనా ఇదే కథ. హెడ్ గ్యాస్కెట్ లీకైతే సిలిండర్‌లోని గ్యాస్ కూలెంట్‌లోకి దూరి బుడగలు వస్తాయి. యాభై అరవై ఏళ్ళు మామూలు కుళాయి నీళ్ళతో నడిచిన ఇనుప బ్లాకుల్లో అయితే వెనక సిలిండర్ల చుట్టూ తుప్పు మడ్డి గట్టిపడి, అక్కడ నీళ్ళు తిరిగే చోటే మిగలదు. చేతిలో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే పావుగంటలో చాలా తెలుస్తుంది. బండి బాగా వేడెక్కాక రేడియేటర్ ముఖం అంతా చుక్కలు చుక్కలుగా చూసుకుంటూ పోండి; వేడి నీళ్ళు వచ్చే వైపు నుంచి బయటికి పోయే వైపుకి టెంపరేచర్ నెమ్మదిగా తగ్గుతూ పోవాలి. మధ్యలో హఠాత్తుగా ఒక చల్లని పట్టీ తగిలిందంటే అక్కడి ట్యూబుల్లో నీళ్ళు కదలట్లేదన్నమాట. మెరిసే లోహం మీద ఈ థర్మామీటర్ తప్పు చూపిస్తుంది, అందుకే నల్ల పెయింట్ ఉన్న చోటో, నల్ల టేపు ముక్క అంటించో కొలవాలి.

సరే, ఇవన్నీ చూశాక రేడియేటరే దోషి అని తేలిందనుకుందాం. ఇప్పుడు లోహం సంగతి.

వేడిని మోసుకుపోవడంలో అల్యూమినియం కంటే రాగి మేలు, ఇందులో వాదన లేదు. రాగి ఉష్ణవాహకత మీటరుకి కెల్విన్‌కి దాదాపు 400 వాట్లు, స్వచ్ఛమైన అల్యూమినియంది 235 దరిదాపుల్లో, రేడియేటర్లలో వాడే మిశ్రమాలది ఇంకా తక్కువ. మరి అల్యూమినియం ఎలా గెలిచింది? దీనికి జవాబు లోహంలో లేదు, దారిలో ఉంది. బావి దగ్గర నుంచి వరసగా నిలబడి బిందెలు చేతులు మార్చుకుంటున్నారనుకోండి, అందులో ఒకడు మాత్రం బాగా నెమ్మది. మిగతావాళ్ళు ఎంత చురుగ్గా ఉన్నా బిందెలు ఆ ఒక్కడి వేగంతోనే కదులుతాయి. రేడియేటర్‌లో ఆ నెమ్మది మనిషి గాలి. నీళ్ళ నుంచి ట్యూబు గోడలోకి వేడి ఇట్టే పోతుంది, గోడలోంచి ఫిన్‌లోకీ (ట్యూబుల మధ్య మడతలు పెట్టి ఉండే పలచటి రేకు) పోతుంది, ఫిన్ నుంచి గాలిలోకి పోయే దగ్గర ఇరుక్కుంటుంది. ఒక్క లీటరు నీళ్ళు 1 డిగ్రీ చల్లబడాలంటే దాదాపు 3,500 లీటర్ల గాలి 1 డిగ్రీ వేడెక్కాలి. అంత గాలిని కోర్‌లోంచి పంపడమే అసలు పని. ఫిన్ రాగిదా అల్యూమినియందా అన్నది దీని ముందు చిన్న విషయం. పేరు రేడియేటర్ గానీ అది వేడిని రేడియేషన్‌తో బయటికి పంపేది చాలా కొంచెం, గాలి ఊడ్చుకుపోయేదే దాదాపు అంతా.

పైగా పాత రేడియేటర్‌ని మనం రాగి రేడియేటర్ అంటాం గానీ అందులో రాగివి ఫిన్‌లు మాత్రమే. ట్యూబులూ ట్యాంకులూ ఇత్తడివి, ఇత్తడి ఉష్ణవాహకత రాగిలో మూడో వంతు కూడా ఉండదు. ఇక ట్యూబుకి ఫిన్‌ని అతికించేది సీసం, తగరం కలిసిన టంకం, దాని ఉష్ణవాహకత 50 దగ్గర. ఏళ్ళు గడిచేకొద్దీ ఈ టంకం అక్కడక్కడ ఊడి, ఫిన్ ట్యూబుకి ఆనీ ఆననట్టు నిలబడి ఉంటుంది. చూడటానికి రేడియేటర్ లక్షణంగానే ఉంటుంది, పని మాత్రం చేయదు. అల్యూమినియం కోర్‌లో టంకం లేదు. ట్యూబులూ ఫిన్‌లూ, ట్యూబుల చివర్లని పట్టుకునే హెడర్ ప్లేట్లూ అన్నీ బిగించి, నైట్రోజన్ నింపిన కొలిమిలో దాదాపు 600 డిగ్రీల దగ్గర ఒకేసారి బ్రేజింగ్ చేస్తారు, దాంతో అంతా ఒకే ముక్కలా అతుక్కుపోతుంది. 1960ల మొదట్లోనే షెవ్రొలే తన కార్వెట్‌లో అల్యూమినియం రేడియేటర్ పెట్టింది, కానీ సాధారణ కార్లన్నిటికీ అది రావాలంటే ఈ బ్రేజింగ్ చవకగా, నమ్మకంగా జరిగే రోజు రావాల్సి వచ్చింది.

ఇప్పుడు అసలు చిక్కుముడి, వరసలు. ఇత్తడి ట్యూబు గోడ పలచన, దాన్ని వెడల్పుగా చేస్తే లోపలి ప్రెషర్‌కి ఉబ్బి ఫిన్‌లను నలిపేస్తుంది. అందుకే పాతవాటిలో ట్యూబు వెడల్పు సాధారణంగా అర అంగుళం, మహా అయితే అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు. చోటు పెంచాలంటే వరసలు పెంచడమొక్కటే దారి, కాబట్టి రెండు వరసలది మామూలు బండికి, నాలుగు వరసలది పెద్ద ఇంజన్‌కి అన్న లెక్క పుట్టింది. ఆ రోజుల్లో, ఆ లోహంతో, ఆ లెక్క సరైనదే. అల్యూమినియం ట్యూబు గోడ మందంగా ఉంటుంది, 1 అంగుళం, 1.25 అంగుళాలు, ఒక్కోసారి ఒకటిన్నర అంగుళాల వెడల్పు కూడా తట్టుకుంటుంది. ఇప్పుడు కూడండి. పాతది నాలుగు వరసలు, ఒక్కోటి అర అంగుళం, మొత్తం 2 అంగుళాల ట్యూబు ఫిన్‌ని తాకుతోంది. కొత్తది రెండు వరసలు, ఒక్కోటి 1 అంగుళం, మొత్తం అదే 2 అంగుళాలు. కాకపోతే పాతదాంట్లో వరసకీ వరసకీ మధ్య మూడు సందులున్నాయి, కొత్తదాంట్లో ఒక్కటే. అంటే అంతే తాకుడు తక్కువ మందంలో దొరికింది, గాలికి అడ్డం తగ్గింది. అల్యూమినియం గొప్పతనం నిజానికి ఇక్కడ ఉంది, వెడల్పు ట్యూబులో, అతుకులో.

అందుకే ఎవరైనా మూడు వరసల అల్యూమినియం అని అమ్ముతుంటే అడగాల్సిన మొదటి ప్రశ్న ట్యూబు వెడల్పెంత అని. కొన్ని చవక రేడియేటర్లలో అర అంగుళం కంటే కాస్త ఎక్కువ ఉండే ట్యూబులే మూడు, నాలుగు వరసలు పెట్టి పెద్ద నంబరు చూపిస్తారు. అది పాత ఇత్తడి నమూనాకి అల్యూమినియం చొక్కా తొడిగినట్టే. జవాబు చెప్పకుండా కోర్ మొత్తం మందం చెప్పి ఊరుకునేవాళ్ళ దగ్గర నేనైతే కొనను.

మందం పెరిగేకొద్దీ వచ్చే తిప్పలు వేరే ఉన్నాయి. మొదటి వరసను తాకిన గాలి అప్పటికే వేడెక్కి రెండో వరసకి వస్తుంది, రెండోదాన్ని తాకి ఇంకా వేడెక్కి మూడోదానికి వస్తుంది. చివరి వరసకి చేరేసరికి గాలికీ నీళ్ళకీ మధ్య టెంపరేచర్ తేడా అంతగా మిగలదు కాబట్టి ఆ వరస మోసే వేడీ తక్కువే, గాలికి కలిగించే అడ్డం మాత్రం పూర్తిగా ఉంటుంది. ఫిన్‌ల సాంద్రత కూడా ఇలాంటిదే. అంగుళానికి ఎన్ని ఫిన్‌లన్నది చాలామంది గొప్పగా చెప్తారు. 18, 20 ఉన్న కోర్ కాగితం మీద ఎక్కువ వేడి వదులుతుంది, కానీ దాంట్లోంచి గాలిని తోయడానికి బలమైన ఫ్యాన్ కావాలి, లేదా బండి స్పీడ్‌లో ఉండాలి. పాత బండికున్న నాలుగు రెక్కల ఫ్యాన్ ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, అంత గాలి లాగలేదు. సిటీలో తిరిగే బండికి 12 నుంచి 16 మధ్య ఉన్నది నా లెక్కలో మేలు, పురుగులూ దుమ్మూ ఇరుక్కున్నా కడుక్కోవడం సులువు. కొలిచే పరికరం అక్కర్లేదు, స్కేలు ఆనించి అంగుళంలో ఎన్ని మడతలున్నాయో లెక్కపెట్టుకోవచ్చు.

కోర్ కొలత పెంచుకునే వీలుంటే మందంలో కాదు, ఎత్తులో వెడల్పులో పెంచండి. ముఖం పెద్దదైతే ప్రతి చదరపు అంగుళానికీ కొత్త చల్లగాలే తగులుతుంది.

నీళ్ళు ఎటు పారాలన్నది రెండో ప్రశ్న. పాత బండ్లలో చాలావరకు పైన ఒక ట్యాంకు, కింద ఒక ట్యాంకు, నీళ్ళు పైనుంచి కిందికి. తర్వాత బానెట్లు కిందికి దిగాక ట్యాంకులు పక్కలకి వెళ్ళి నీళ్ళు అడ్డంగా పారడం మొదలైంది. చల్లబరచడంలో రెండింటికీ పెద్ద తేడా లేదు, ముఖం ఒకటే అయితే. తేడా క్యాప్ దగ్గర ఉంది, అంటే లోపలి ప్రెషర్ హద్దు దాటితే తెరుచుకునే మూత దగ్గర. నిలువు రేడియేటర్‌లో క్యాప్ పై ట్యాంకు మీద ఉంటుంది, అంటే పంపు తోసిన నీళ్ళు నేరుగా వచ్చి పడే చోట. కోర్ ఇరుకైనదై ఇంజన్‌ని గట్టిగా తిప్పితే ఆ తోపుడు కూడా క్యాప్ మీద పడి, మరగకుండానే నీళ్ళు బయటికి చిమ్మొచ్చు. అడ్డం రేడియేటర్‌లో క్యాప్‌ని పంపు లాగే వైపు ట్యాంకు మీద పెడతారు కాబట్టి ఆ బాధ లేదు. కొన్న అడ్డం రేడియేటర్‌లో క్యాప్ నీళ్ళు లోపలికి వచ్చే వైపు ఉందంటే తయారుచేసినవాళ్ళు ఆలోచించలేదని అర్థం. నీళ్ళని లోపలే అటూ ఇటూ రెండుసార్లు తిప్పే నమూనాలు కూడా దొరుకుతాయి. అవి ట్యూబుల్లో వేగం పెంచుతాయి, కానీ పంపుకి భారం కూడా పెంచుతాయి. పాత పంపుతో రోడ్డు మీద తిరిగే బండికి అంత అవసరం పడదు. అసలు పంపే లేని ఫోర్డ్ మోడల్ టీ లాంటి వాటి సంగతి పూర్తిగా వేరు: వేడి నీళ్ళు తేలికై పైకి పోవడం, చల్లనివి బరువెక్కి కిందికి రావడం, ఆ కొద్దిపాటి తోపుడుతోనే అంతా తిరగాలి. ఇరుకు ట్యూబుల కోర్ దాన్ని ఆపేస్తుంది, అలాంటి బండికి దాని కోసమే చేసింది తప్ప వేరేది పెట్టొద్దు.

క్యాప్ మాట వచ్చింది కాబట్టి ప్రెషర్ గురించి. ప్రతి 1 పీఎస్ఐకి (చదరపు అంగుళానికి ఒక పౌండు ప్రెషర్) నీళ్ళు మరిగే టెంపరేచర్ దాదాపు 1.6 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. సగం నీళ్ళు సగం ఇథిలీన్ గ్లైకాల్ (కూలెంట్ డబ్బాలో ఎక్కువగా ఉండేది ఇదే) కలిపింది మామూలుగా 107 దగ్గర మరుగుతుంది, 15 పీఎస్ఐ క్యాప్ కింద 130 దాకా ఆగుతుంది. కొత్త అల్యూమినియం రేడియేటర్‌తో పాటు 15, 16 పీఎస్ఐ క్యాప్ వస్తుంటుంది. అలాగని బిగించేయకండి. మీ బండి 4 పీఎస్ఐకో 7 పీఎస్ఐకో తయారైనదైతే దాని హీటర్ కోర్ (కారు లోపలికి వెచ్చటి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్), హోస్ పైపులు, పంపు సీలు అన్నీ ఆ లెక్కకే ఉన్నాయి. కొత్త రేడియేటర్ నిక్షేపంలా ఉంటుంది, డాష్‌బోర్డ్ కింద హీటర్ కోర్ పగిలి కాళ్ళ మీద వేడి నీళ్ళు పడతాయి. ఇంకోటి, క్యాప్ మరగడాన్ని వాయిదా వేస్తుందే గానీ ఇంజన్‌ని చల్లబరచదు.

థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు) తీసేయమని చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దానికి పోటీగా తీయొద్దు, నీళ్ళు మరీ వేగంగా పారితే రేడియేటర్‌లో చల్లబడే టైమ్ చాలదు అని చెప్పేవాళ్ళున్నారు. తీయకూడదన్నది నిజం, చెప్పే కారణం మాత్రం తప్పు. నీళ్ళు వేగంగా పోతే వేగంగా తిరిగి కూడా వస్తాయి కదా, గంటలో రేడియేటర్‌లో గడిపే వాటా మారదు. నిజానికి ప్రవాహం పెరిగితే రేడియేటర్ వదిలే వేడి కాస్త పెరుగుతుంది. తీయకూడదు ఎందుకంటే, కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు దాని కింది భాగం బైపాస్ దారిని మూస్తుంది. అది లేకపోతే వేడి నీళ్ళలో కొంత రేడియేటర్ మొహం చూడకుండానే ఇంజన్‌లోకి తిరిగి పోతుంది. మిగతావాటిలో కూడా థర్మోస్టాట్ కలిగించే అడ్డం వల్ల బ్లాకులో ప్రెషర్ కొంచెం ఎక్కువ ఉండి, హెడ్ దగ్గర నీళ్ళు ఆవిరి బుడగలు కాకుండా నిలుస్తాయి. ఇక 82 డిగ్రీలది తీసి 71 ది పెడితే వేడెక్కడం ఆగుతుందా అంటే ఆగదు. థర్మోస్టాట్ ఇంజన్ ఎంత కంటే చల్లబడకూడదో చెప్తుంది, ఎంత కంటే వేడెక్కకూడదో చెప్పడం దాని పని కాదు.

ఫ్యాన్ దగ్గర మాత్రం డబ్బు పెట్టొచ్చు, నా అనుభవంలో రేడియేటర్ కంటే ముందు పెట్టాల్సింది ఇక్కడే. ష్రౌడ్ లేని ఫ్యాన్ తన రెక్కలు తిరిగే వలయం మేరకే గాలి లాగుతుంది, నాలుగు మూలలూ ఖాళీ. పైగా రెక్కల అంచుల నుంచి గాలి చుట్టూ తిరిగి మళ్ళీ ముందుకే వస్తుంది. ష్రౌడ్ కోర్ మొత్తాన్ని కప్పాలి, ఫ్యాన్ రెక్కలు దాని అంచులో సగం లోపల సగం బయట ఉండాలి. రేడియేటర్ చుట్టూ బాడీకీ దానికీ మధ్య ఉండే రబ్బరు పట్టీలు పాత బండ్లలో ఎప్పుడో ఊడిపోయి ఉంటాయి, ఆ సందుల్లోంచి ఇంజన్ వేడిగాలి ముందుకు వచ్చి మళ్ళీ కోర్‌లోకే దూరుతుంది. ఆ పట్టీలు వేయడానికి అయ్యే ఖర్చు ఎంతో చెప్పక్కర్లేదు.

ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టాలనుకుంటే ముందు కరెంటు లెక్క చూసుకోండి. పెద్ద ఫ్యాన్ 20 నుంచి 30 ఆంపియర్లు తాగుతుంది. ఎన్నో పాత బ్రిటిష్ బండ్లలో ఉన్న లూకాస్ సీ40 డైనమో ఇచ్చేదే గరిష్ఠంగా 22, అదీ ఐడిల్‌లో కాదు. ఆల్టర్నేటర్, రిలే, మందపాటి వైరు లేకుండా ఫ్యాన్ పెడితే వేడి సమస్య పోయి బ్యాటరీ సమస్య వస్తుంది. కోర్ వెనక నుంచి లాగేది ముందు నుంచి తోసేదాని కంటే మేలు. ఫ్యాన్ స్విచ్ ఆన్ అయ్యే టెంపరేచర్ థర్మోస్టాట్ తెరుచుకునేదాని కంటే ఎక్కువ ఉండాలి, లేకపోతే ఫ్యాన్ ఎప్పటికీ ఆగదు. కోర్‌లోంచి ప్లాస్టిక్ పుల్లలు గుచ్చి ఫ్యాన్‌ని కట్టే పద్ధతి ఒకటుంది. కదిలి కదిలి అవి ట్యూబుని కోసేస్తాయి, కాబట్టి బ్రాకెట్లతో పక్కలకి బిగించండి.

కొలతలు తీసుకునేటప్పుడు అచ్చంగా సరిపోతుంది అన్న మాటని పూర్తిగా నమ్మొద్దు. మీ బండి మీద మీరే కొలవండి: బిగించే రంధ్రాల మధ్య దూరం, మొత్తం ఎత్తు, కోర్ మందం, పై హోస్ ఏ పక్క ఎంత లావు, కింది హోస్ ఏ పక్క ఎంత లావు. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది, గట్టిగా బ్రేక్ వేస్తే ముందుకు వస్తుంది, అందుకే ఫ్యాన్‌కీ కోర్‌కీ మధ్య కనీసం 1 అంగుళం ఖాళీ మిగలాలి. మందపాటి కోర్ తినేసేది ఈ ఖాళీనే. నీళ్ళు పోసే మూతి మొత్తం వ్యవస్థలో అన్నిటికంటే ఎత్తులో ఉండాలి, లేకపోతే గాలి పైన ఎక్కడో చిక్కుకుని ఎంత పోసినా నిండదు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ బండైతే ఆయిల్ కూలర్ ట్యాంకు లోపలే ఉందా, దాని మరలు మీ పైపులకి సరిపోతాయా చూసుకోండి. అల్యూమినియం మరలో ఇత్తడి ఫిటింగ్‌ని పాత అలవాటుతో బలంగా బిగిస్తే మర చెడిపోతుంది.

చేతికి వచ్చిన రేడియేటర్ మంచిదో కాదో చూసి కొంత చెప్పొచ్చు. ట్యాంకు మూలల్లో వెల్డింగ్ ఒకే తీరుగా, చిన్న చిన్న అలల్లా ఉండాలి; గడ్డలు గడ్డలుగా ఉండి, పైన గ్రైండర్ పెట్టి సాపు చేసినట్టుంటే కింద ఏముందో తెలీదు. హెడర్ దగ్గర ట్యూబుల చుట్టూ జిగురు పూసి ఉంటుంది కొన్నిట్లో. వేడి వదలడానికి దానితో ఇబ్బంది లేదు, కానీ ఎప్పుడైనా అక్కడ లీకై వెల్డింగ్ చేయించాలంటే జిగురు కాలిపోయి పక్కవన్నీ లీకవుతాయి. అద్దంలా మెరిసే ట్యాంకులు పాత బండిలో కంటికి గుచ్చుకుంటాయి, పలచటి నల్ల రంగు కొట్టించినా వేడి వదలడంలో చెప్పుకోదగ్గ నష్టం ఉండదు. కోర్ మీద మాత్రం మందపాటి పౌడర్ కోటింగ్ వద్దు, అది దుప్పటి కప్పినట్టే.

ఇక నేను దెబ్బతిన్న విషయం. నా మొదటి అల్యూమినియం రేడియేటర్ రెండో ఏడాది నిండకముందే సూదిమొనలంత రంధ్రాలు పడి కారింది. అమ్మినవాళ్ళని తిట్టుకున్నాను, తీరా చూస్తే తప్పు నాది. ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఎర్త్ వైరుని రేడియేటర్ బ్రాకెట్‌కే బిగించాను, పెయింట్ కొట్టిన పాత బాడీలో దానికి సరైన ఎర్త్ దొరక్క, కరెంటు కూలెంట్‌లోంచి ఇంజన్‌కి దారి వెతుక్కుంది. నీళ్ళలోంచి కరెంటు పోతే అల్యూమినియం కరగడం ఎంతో కాలం పట్టదు. రేడియేటర్‌ని ఎర్త్‌గా ఎప్పుడూ వాడొద్దు, రబ్బరు దిండ్ల మీద కూర్చోబెట్టండి, ఆ దిండ్లు పాత ఛాసిస్ మెలి తిరిగినప్పుడు కోర్ చిట్లకుండా కూడా కాపాడతాయి. ఇంజన్ నుంచి బాడీకి, బాడీ నుంచి బ్యాటరీకి మంచి మందపాటి ఎర్త్ పట్టీలు వేయించండి.

పరీక్ష సులువు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు క్యాప్ తీసి, మల్టీమీటర్ నెగటివ్ పుల్లని బ్యాటరీ నెగటివ్‌కి ఆనించి, పాజిటివ్ పుల్లని ఏ లోహానికీ తగలకుండా కూలెంట్‌లో ముంచండి. బండి స్టార్ట్ చేసి లైట్లు, ఫ్యాన్, హారన్, వైపర్లు ఒక్కొక్కటే వేస్తూ చూడండి. 0.1 వోల్టు లోపు ఉంటే ఫర్వాలేదు, 0.3 దాటితే అల్యూమినియానికి గండం. ఏది వేసినప్పుడు నంబరు ఎగిరిందో దాని ఎర్త్ వదులుగా ఉన్నట్టు. అన్నీ ఆపినా వోల్టేజీ కనిపిస్తోందంటే కూలెంట్ ముసలిదైపోయింది.

కూలెంట్ విషయంలో అల్యూమినియం ఇత్తడంత ఓర్పున్నది కాదు. దాన్ని కాపాడేది దాని మీద తనంతట తానే పట్టే ఆక్సైడ్ పొర. కుళాయి నీళ్ళలో ఉండే క్లోరైడ్ ఆ పొరని అక్కడక్కడ చీల్చి గుంటలు పెడుతుంది. డిస్టిల్డ్ వాటరే పోయండి. పాత ఇనుప బ్లాకు, ఇత్తడి హీటర్ కోర్, కొత్త అల్యూమినియం కలిసి ఉన్న బండికి అన్ని లోహాలకీ పనికొచ్చే ఇన్‌హిబిటర్లు, అంటే తుప్పుని ఆపే రసాయనాలు, ఉన్న కూలెంట్ కావాలి. సిలికేట్ ఉన్న పాతరకం అల్యూమినియం మీద త్వరగా రక్షణ పొర కడుతుంది, టంకానికీ అపకారం చేయదు, కానీ దాని బలం దాదాపు రెండేళ్ళు, అప్పుడు మార్చేయాలి. ఎక్కువ కాలం మన్నే ఆర్గానిక్ యాసిడ్ రకాలు కొన్ని పాత టంకం అతుకులతో పొసగవు. రంగు చూసి కొనొద్దు, రంగుకి ఏ ప్రమాణమూ లేదు, డబ్బా మీద రాసింది చదవండి. గ్లైకాల్ కంటే నీళ్ళే వేడిని బాగా మోస్తాయన్నది నిజమే, గడ్డకట్టే చలి లేని చోట గ్లైకాల్ తగ్గించుకోవచ్చు, కానీ ఇన్‌హిబిటర్లు వచ్చేది కూడా ఆ డబ్బాలోంచే కాబట్టి దాని మీద రాసిన కనీస శాతం కంటే కిందికి పోవద్దు.

కొత్తది బిగించే ముందు బ్లాకుని కడగాలి, తర్వాత కాదు. బ్లాకు డ్రెయిన్ ప్లగ్గులు తీస్తే చాలాసార్లు నీళ్ళు రావు, మడ్డి అడ్డం ఉంటుంది, తీగతో పొడవాలి. కాస్టిక్ సోడా ఉన్న క్లీనర్లు అల్యూమినియాన్ని కరిగిస్తాయి, అల్యూమినియం హెడ్ ఉన్న ఇంజన్లో అవి అసలు వద్దు. కడిగినా మొదటి కొన్ని వందల కిలోమీటర్లు తుప్పు రేకులు వస్తూనే ఉంటాయి, పై హోస్‌లో చిన్న వల ఫిల్టర్ పెట్టి మధ్యమధ్యలో తీసి చూస్తే కొత్త ట్యూబులు బతుకుతాయి. నింపేటప్పుడు హీటర్ వాల్వు తెరిచి, బండి ముక్కు కాస్త పైకి ఉండేలా నిలిపి పోయండి. థర్మోస్టాట్ తెరుచుకున్నాక మట్టం దిగుతుంది, మళ్ళీ పోయాలి. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఇంకోసారి చూడాలి.

ఇంత చెప్పాక కూడా కొన్ని బండ్లకి అల్యూమినియం వద్దనే అంటాను. పై ట్యాంకు బయటికి కనిపించే బండి, దాని మీద తయారీదారు ముద్ర, తేదీ కోడ్ ఉన్న బండి, ఎక్కడా ఏదీ మార్చకుండా మిగిలిన బండి. దానికి పాత ట్యాంకులే ఉంచి, మధ్యలో కొత్త ఇత్తడి రాగి కోర్ వేయించుకోవచ్చు. ఈమధ్య కోర్లలో ట్యూబులు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి అవి పాతవాటి కంటే బాగా పనిచేస్తాయి, దారిలో చిల్లు పడినా టంకం వేసే మనిషి దొరికితే చాలు. అల్యూమినియమే వేసినా పాత రేడియేటర్‌ని తుక్కుకి వేయకండి. నీళ్ళన్నీ వంచేసి, బాగా ఆరబెట్టి, మూతులన్నీ మూసి అటక మీద పెట్టండి. రేపు బండి కొనే మనిషి అడిగే మొదటి ప్రశ్నల్లో అసలు రేడియేటర్ ఉందా అన్నది ఒకటి.